చెక్కకు నీళ్ళు పోసిన మేస్త్రి

"ముందు ఆ రంపం ఆపండి!"

కేక విని చిన్నమేస్త్రి తలెత్తాడు. చేతిలో గొడుగు ఉండి కూడా దాన్ని తెరవాలన్న ధ్యాస లేక, వానలో నిలువెల్లా తడుస్తూ ఒకమ్మాయి పరుగెత్తుకొస్తోంది. వచ్చింది వచ్చినట్టే అతను కోస్తున్న మామిడి మొద్దు మీదెక్కి కూర్చుంది.

అతను మోటారు రంపం ఆపేశాడు. పదేళ్ళుగా వడ్రంగం చేస్తున్నాడు గానీ, మనిషి కూర్చున్న మొద్దును కోసే విద్య వాళ్ళ నాన్న అతనికి నేర్పలేదు.

"దిగండి మేడం. తగిలిందంటే కాలు పోతుంది."

"పోతే నా కాలు పోతుంది. ఇది ఎవరి మొద్దనుకుని కోస్తున్నారు?"

"తోటవాళ్ళది. ఇదిగో, డైరెక్టర్ గారిచ్చిన కాగితం." తడవకుండా ప్లాస్టిక్ కవర్లో దాచుకున్న కాగితాన్ని గర్వంగా చూపించాడు. కింద సంతకం, సంతకం కింద స్టాంపు, అన్నీ ఉన్నాయి.

ఆమె చదివింది. మళ్ళీ చదివింది. "రెండ్రోజులు సెలవు పెడితే ఇంత పని జరిగిందా!" అంది నీరుగారిపోయి. "మూడేళ్ళ నుంచి దీనికి కాపలా కాస్తున్నానండీ."

"పడిపోయిన మొద్దుకి కాపలా దేనికి మేడం? లేచి పారిపోతుందా?"

"మీకిది పడిపోయిన మొద్దు. లోపల ఎంతమంది కాపురం ఉంటున్నారో తెలుసా?"

అతను వంగి, కోసిన చోట లోపలికి తొంగి చూశాడు. "ఎవరూ కనపడట్లేదే."

ఊరి నడిబొడ్డున ఉన్న ఆ పెద్ద తోటలో ప్రతి మొక్కకూ పేరు చీటీ రాయడం, ఏది ఎప్పుడు పూసిందో, ఏది ఎప్పుడు ఎండిందో పుస్తకంలో ఎక్కించడం ఆ అమ్మాయి ఉద్యోగం. తోటకు వచ్చేవాళ్ళంతా గులాబీల దగ్గరా, దూరదేశాల నుంచి తెచ్చిన ఆర్కిడ్ల దగ్గరా ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. ఆ నేలలో తమంతట తాము పుట్టి పెరిగే మొక్కలు ఒక మూలన ఉంటాయి. అటు ఎవరూ రారు. ఆమె ప్రాణమంతా ఆ మూలనే ఉంటుంది. తోట పనివాళ్ళు ఆమెను చాటుగా పుట్టగొడుగుల మేడం అంటారు. ఆ పేరు చెవిన పడితే ఆమె చిన్నబుచ్చుకోదు సరికదా, మెడ ఇంకాస్త నిటారుగా పెట్టి నడుస్తుంది.

"ఈ మొద్దులో ఒక పుట్టగొడుగు ఉంది," అంది ఆమె మొద్దు దిగకుండానే. "నారింజ రంగు. చిన్న విసనకర్రలా ఉంటుంది, అంచున తెల్ల జరీ వేసినట్టు. వానాకాలంలో నాలుగంటే నాలుగు రోజులు కనిపించి మాయమవుతుంది. తోటంతా గాలించాను, ఇంకే చెట్టు మీదా లేదు. ఇది అంటు మామిడి కాదండీ. టెంక నుంచి తనంతట తాను మొలిచిన నాటు మామిడి. దాని మీదే బతికే పుట్టగొడుగు."

"కూర వండుకుంటారా?"

ఆమె చూసిన చూపుకు అతను ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఇంకో నలభై రోజుల్లో తోట వార్షికోత్సవం. అక్కడ ఖాళీగా ఉన్న అద్దాల గది చూశారా? దాన్ని ఈ నేల మొక్కలకీ పుట్టగొడుగులకీ ఇమ్మని రెండేళ్ళుగా అడుగుతున్నాను. 'జనం ఆగి చూసేది ఒక్కటి చూపించు, గది నీది. లేదంటే ఆర్కిడ్లకి ఇచ్చేస్తాం' అన్నారు డైరెక్టర్ గారు. ఆ ఒక్కటీ ఇందులోనే ఉంది."

చిన్నమేస్త్రి రంపం కింద పెట్టేశాడు. "ఆ గదిలో అరలు చేసే పని మాదేనండీ. ఈ చెక్క కూడా అందుకే అడిగాను. గుమ్మం పక్కన ఒక మంచి బల్ల చేసి పెడదామని."

"అంటే నా గది కోసమే నా మొద్దు కోశారన్నమాట!" ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "పిడికిలంత కణుపు ఒకటుండాలి, ఏది? దాని కిందే పుడుతుందది."

"కణుపున్న భాగం నిన్నే కోసేశాం. ముక్కలన్నీ షాపులో ఉన్నాయి."

అప్పుడు ఆమెకు ఏడుపే వచ్చింది. అతను ఆమె చేతిలోని గొడుగు తీసుకుని తెరిచి, ఆమె తల మీద పట్టుకుని నిలబడ్డాడు.

* * *

మర్నాడు పొద్దున్నే ఆమె షాపుకు వచ్చింది. షాపంటే ముందు వైపు రేకుల షెడ్డు, వెనక ఇల్లు, మధ్యలో కుళాయి ఉన్న పెరడు. షెడ్డులో చిన్నమేస్త్రి వాళ్ళ నాన్న పెద్దమేస్త్రి తలుపు చెక్కకు చిత్రిక పడుతున్నాడు. చెవిలో పెన్సిలు, మీసంలో రంపపు పొట్టు.

"నలభై ఏళ్ళమ్మా," అన్నాడు ఎవరూ అడక్కుండానే. "ఈ చేతుల మీదుగా వెళ్ళిన చెక్క ఒక్కటి పుచ్చిందని ఎవరిచేతనైనా అనిపించు, మీసం తీయించేసుకుంటా. తడి ఉన్న చెక్క ఈ గడప దాటదు. బూజు ఈ గడప తొక్కదు."

బూజు కోసమే వచ్చానని చెప్పడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

మొద్దు ముక్కలు గోడ వారగా పేర్చి ఉన్నాయి. దగ్గరికి వెళ్ళగానే ముక్కు మూసుకుంది. "ఏంటీ వాసన?"

"చెదల మందు," అన్నాడు పెద్దమేస్త్రి గర్వంగా. "నిన్న రాత్రి కాకముందే అన్నిటికీ రెండు పూతలు కొట్టేశాను. ఇంక వందేళ్ళయినా పురుగు గానీ, బూజు గానీ దరిదాపులకి రావు."

చెక్క చేతికి రాగానే ఆలస్యం చేయకుండా మందు కొట్టడం ఆయన అలవాటు. అదే ఇప్పుడు ఆ అమ్మాయి ప్రాణం మీదికి వచ్చింది. ఆమె ముక్కల ముందు అలాగే గొంతుక్కూర్చుంది.

చిన్నమేస్త్రి ఒక ముక్క తెచ్చి ఆమె ముందు పెట్టాడు. లేత చెక్క మధ్యలో, సన్నని కుంచెతో గీసినట్టు వంపులు తిరిగిన నల్లని గీత ఉంది. "బల్ల చేద్దామనుకున్నది దీన్ని చూసే మేడం. నల్లగీత అంటాం. వెయ్యి చెక్కల్లో ఒక చెక్కకి వస్తుంది. గీసింది ఎవరో మాకూ తెలీదు."

ఆమె కళ్ళు తుడుచుకుని దాని మీద వేలు పెట్టింది. "ఇది గీత కాదండీ. గోడ."

"గోడా?"

"ఒక మొద్దులో ఒకే ఫంగస్ ఉండదు. ఇటునుంచి ఒకటి, అటునుంచి ఒకటి తింటూ వస్తాయి. రెండూ ఎదురుపడ్డప్పుడు, ఇక్కడిదాకా నాది, అడుగు పెట్టావో ఊరుకోను అని ఎవరి గోడ వాళ్ళు కట్టుకుంటారు. ఆ గోడే ఈ నలుపు."

"అంటే పాలివాళ్ళ తగాదా!"

"అచ్చంగా అదే." ఆమె మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూసి చిన్నమేస్త్రికి తానేదో గొప్ప మాట అన్నట్టు అనిపించింది.

"అయితే మీ పుట్టగొడుగు కాపురం ఎంతదాకా ఉందో మనం కనుక్కోవచ్చు," అన్నాడు. చెక్క నారను బట్టి ఏ ముక్క పక్కన ఏ ముక్క ఉండేదో చెప్పడం అతనికి ఎడమచేతి పని. పదమూడు ముక్కల్నీ నేల మీద వరసగా పేర్చాడు. మొద్దు మళ్ళీ మొద్దయింది. నల్లగీత ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి నడుచుకుంటూ వెళ్ళి, కణుపు దగ్గరికి రాగానే ఆగిపోయింది. అక్కడ ఒక ముక్క లేదు.

"పద్నాలుగోది ఏది నాన్నా?"

"నాకేం తెలుసు? నేను మందు కొట్టినప్పుడు పదమూడే ఉన్నాయి."

ఇద్దరూ షెడ్డంతా వెతికారు. చిట్టచివరికి పెరట్లోకి వెళితే, కుళాయి పక్కన అమ్మ గిన్నెలు తోముతోంది. ఆమె కూర్చున్నది పిడికిలంత కణుపున్న మామిడి ముక్క మీద.

"అమ్మా, లేవవే!"

"ఎందుకు లేవాలి? మోకాళ్ళ నొప్పితో చస్తున్నా, ఎత్తు సరిగ్గా సరిపోయింది. దొరక్క దొరక్క దొరికింది."

పుట్టగొడుగుల మేడం ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ పట్టుకుంది. "మీకు దణ్ణం పెడతానండీ. మీరు దీని మీద కూర్చోకపోతే ఇదీ పోయేది."

కూర్చున్నందుకు ఇంత మర్యాద ఆవిడకు జన్మలో జరగలేదు. సాయంత్రానికల్లా ఆవిడకు నున్నటి కొత్త పీట తయారైంది.

* * *

ఆ ముక్క పెరట్లోనే, కుళాయి పక్కన నీడలో ఉండాలన్నది పుట్టగొడుగుల మేడం తీర్పు. కదిలించకూడదు, ఎండ తగలకూడదు, తడి ఆరకూడదు. రోజుకు మూడుసార్లు నీళ్ళు చల్లాలి.

"నేను చల్లుతాను," అన్నాడు చిన్నమేస్త్రి.

"నేను రోజూ సాయంత్రం వచ్చి చూస్తాను," అంది ఆమె.

పెద్దమేస్త్రి మూడు రోజులు ఓర్చుకున్నాడు. నాలుగో రోజు చిత్రిక పక్కన పడేసి వచ్చాడు. "ఏరా, చెక్కకి నీళ్ళు పోస్తున్నావా? మన ఇంటా వంటా లేని పని! ఇవాళ మొద్దుకి నీళ్ళు పోస్తావు. రేపు కుర్చీకి ఎరువు వేస్తావా?"

"అది మొద్దు కాదు నాన్నా. లోపల కాపురం ఉంది."

"నీ కాపురం సంగతి చూసుకోరా ముందు!"

అమ్మ పొయ్యి దగ్గరి నుంచే ముసిముసిగా నవ్వుకుంది. ఆవిడ చూపు పెరటి గుమ్మం మీదే ఉంది. సాయంత్రం ఐదు దాటిందంటే ఆ గుమ్మంలో గొడుగు కనపడుతుంది, టీ గిన్నెలో ఇంకో గ్లాసు నీళ్ళు పడతాయి.

ఆ సాయంత్రాల్లో చిన్నమేస్త్రి చాలా నేర్చుకున్నాడు. పుట్టగొడుగు అనేది కాయ మాత్రమేనని, అసలు ప్రాణి చెక్కలోపల సాలెపోగు కన్నా సన్నని పోగులుగా అల్లుకుని ఉంటుందని నేర్చుకున్నాడు. ఆ పోగులే లేకపోతే రాలిన ఆకు రాలినట్టే పడి ఉంటుందని, అడవి తన చెత్తలో తానే కూరుకుపోతుందని నేర్చుకున్నాడు. ఆదివారాలు ఆమె వెంట వెళ్ళి కాలవగట్ల మీద, పాత గోడల పగుళ్ళలో మొక్కలు ఏరుకొచ్చాడు. తుమ్మి, ఉత్తరేణి, నేల ఉసిరి, గుంటగలగర. చిన్నప్పటి నుంచీ కాళ్ళ కింద తొక్కుకుంటూ తిరిగినవే. పేరు తెలిశాక తొక్కడానికి కాలు రాలేదు.

"ఇదివరకు చెట్టును చూస్తే ఎన్ని పలకలు వస్తాయా అనిపించేది," అన్నాడు ఒకరోజు.

"ఇప్పుడు?"

"ఇప్పుడు మీరు అడుగుతారేమోనని దాని పేరు గుర్తు చేసుకుంటున్నాను."

"గుర్తు రాకపోతే?"

"వచ్చేదాకా మిమ్మల్ని తలుచుకుంటున్నాను. అంటే, మీరు చెప్పింది."

ఆమె నోట్‌బుక్‌లోకి తల వంచేసింది. ఏం రాసిందో గానీ చాలాసేపు రాసింది.

ఆమె కూడా ఊరికే కూర్చోలేదు. మొక్కల పేర్లు రాయడానికి పలకలు కావాలంటే, నేనే చేసుకుంటానని చిత్రిక పట్టింది. మొదటి పలక ఒక పక్క లావుగా, ఒక పక్క కాగితమంత పల్చగా వచ్చింది. పెద్దమేస్త్రి దాన్ని తిప్పి తిప్పి చూసి, "పుట్టగొడుగుల పిల్లా, చెక్క ఏం పాపం చేసిందమ్మా?" అన్నాడు. పదో పలకను మాత్రం మారు మాట్లాడకుండా తన పలకల్లో కలిపేశాడు. ఆ రోజు ఆమె ఇంటికి గాల్లో తేలుతూ వెళ్ళింది.

ఇరవై అయిదో రోజు పొద్దున మొద్దు మీద గొడుగులు లేచాయి.

"పుట్టాయి మేడం! పుట్టాయి!" అని చిన్నమేస్త్రి ఫోన్లో అరిచిన అరుపుకు ఎదురింటివాళ్ళు ఎవరో పురుడు పోసుకున్నారనుకున్నారు. ఆమె అరగంటలో వచ్చింది, ఒక కాలికి ఒక రకం చెప్పు, ఇంకో కాలికి ఇంకో రకం. వంగి చూసింది. ముఖంలో వెలుగు మెల్లగా తగ్గిపోయింది.

"బూడిద రంగువి," అంది. "ఇవి గోడకి అవతలివాళ్ళవి."

"మరి మనవాళ్ళు?"

"ఏమో. ఉన్నారో లేదో కూడా తెలీదు."

ఆ సాయంత్రం ఆమె టీ ముట్టలేదు. "డైరెక్టర్ గారు ఫొటో పెట్టమంటున్నారు. ఫొటో ముందు ఎవరు ఆగుతారండీ? చేతిలో ఫోన్ ఉన్నవాడికి ఫొటో గొప్పా?" అంది. గ్లాసు పక్కకు జరిపి, "ఇంక పదిహేను రోజులే ఉంది. మొక్కల పని చాలా మిగిలిపోయింది. రేపటి నుంచి రాలేనేమో," అంది.

మొద్దు కోసం కాకపోయినా రండి. మీరు రాని సాయంత్రం నాకు వద్దు. ఈ రెండు మాటలూ చిన్నమేస్త్రి నాలుక చివరిదాకా వచ్చాయి. ఆమె కూడా గుమ్మంలో ఆగి, ఏదో వినడానికే అన్నట్టు వెనక్కి తిరిగి చూసింది.

"సరే మేడం," అన్నాడతను. "నీళ్ళు మాత్రం పోస్తూనే ఉంటాను."

ఆమె గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయింది. అమ్మ ఖాళీ కాని గ్లాసు తీసుకుంటూ కొడుకును ఎగాదిగా చూసింది. "ఇంట్లో ఒక మొద్దు ఉందిగా, నువ్వు కూడా ఎందుకురా?" అంది. కొంగుతో చేతులు తుడుచుకుని, "ఆ పిల్లని వీధి చివరిదాకా దింపొస్తా," అని తానే వెళ్ళింది.

* * *

మర్నాడు చిన్నమేస్త్రి నీళ్ళ పైపు పట్టుకోగానే వెనక నుంచి గొంతు వినపడింది. "ఆపరా."

పెద్దమేస్త్రి వచ్చి మొద్దు పక్కన గొంతుక్కూర్చున్నాడు. వేలితో నొక్కాడు, వాసన చూశాడు, తల అడ్డంగా ఆడించాడు. "ఇలా నానబెడితే ఏం పుడుతుంది, నా తలకాయ! ఎప్పుడూ తడిలో ఉన్న చెక్క పుచ్చదురా. ఎప్పుడూ పొడిగా ఉన్నదీ పుచ్చదు. ఆరి తడిసి, ఆరి తడిసి ఉన్నదే పుచ్చుతుంది. కంచె గుంజ ఎక్కడ పుచ్చుతుందో ఎప్పుడైనా చూశావా? మట్టి లోపలా కాదు, పైన గాలిలోనూ కాదు. మట్టీ గాలీ కలిసే అంచున."

కొడుకు నోరు తెరుచుకుని చూశాడు.

"అలా చూస్తావేం? నలభై ఏళ్ళు పుచ్చకుండా కాపాడినవాడికి, ఎలా పుచ్చుతుందో తెలియదనుకున్నావా? పో, ఇది పడి ఉన్న చోటి నుంచి ఒక బస్తా మట్టి పట్టుకురా. ఇంకే మట్టీ వద్దు. అదే కావాలి."

"నీకు ఈ పనంటే గిట్టదు కదా నాన్నా?"

పెద్దమేస్త్రి కాసేపు మీసం సవరించుకున్నాడు. "ఆ పిల్ల చెక్కని చూసే చూపు చూశావా? నువ్వు పని నేర్చుకునేటప్పుడు కూడా అలా చూడలేదు. అలాంటిది తల వంచుకుని వెళుతుంటే చూస్తూ ఊరుకోనా?"

చిన్నమేస్త్రి బస్తా భుజాన వేసుకుని తోటకు వెళ్ళాడు. మట్టి ఎందుకని అడిగిన ఆమెకు తండ్రి మాటలు పొల్లు పోకుండా అప్పజెప్పాడు. ఆమె చేతిలోని మొక్క పక్కన పెట్టింది. ఆ వెంటనే తనే ఒక పార తెచ్చి తవ్వడం మొదలుపెట్టింది.

"పెద్దమేస్త్రి గారూ," అంది పెరట్లోకి వస్తూనే. "అయిదేళ్ళు చదివాను. ఈ ముక్క నాకెందుకు తట్టలేదు? మీరెక్కడ చదివారు?"

"చదవలేదమ్మా. తిట్లు తిన్నాను. నేను మొదట వేసిన కంచె రెండేళ్ళకే మట్టి అంచున పుచ్చి నేలకూలింది."

"అదేంటి! మీ చేతి మీదుగా వెళ్ళిన చెక్క పుచ్చలేదన్నారు?"

"అది నలభై ఏళ్ళలోకి రాదు," అన్నాడాయన కొంచెం కూడా తొణక్కుండా. "నలభై ఒకటో ఏడు."

ముగ్గురూ కలిసి ముక్కను సగందాకా ఆ మట్టిలో పాతారు. మూడు రోజులు చుక్క నీరు పోయలేదు. నాలుగో రోజు పైకి తీసి, అమ్మ బట్టలు నానబెట్టే టబ్బులో ఒక పగలంతా ముంచారు. మళ్ళీ పాతారు. బట్టలు బకెట్లో నానాయి, అమ్మ ఒక్క మాట అనలేదు. ఆమె మళ్ళీ రోజూ రావడం మొదలుపెట్టింది. మొక్కల చీటీలు కూడా పెరట్లోనే కూర్చుని రాసుకుంది.

వార్షికోత్సవం ఇక మూడు రోజులుందనగా, కణుపు కింద ఆవగింజలంత చుక్కలు లేచాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చెబితే దిష్టి తగులుతుందేమోనన్నట్టు నలుగురూ వచ్చి చూసి, చూడనట్టే వెళ్ళారు. రెండో రోజుకు చుక్కలకు రంగు వచ్చింది. మూడో రోజు పొద్దున నారింజ రంగు విసనకర్రలు పదకొండు, ఒకదాని మీద ఒకటి విచ్చుకుని ఉన్నాయి. ఒక్కోదాని అంచున తెల్ల జరీ.

పుట్టగొడుగుల మేడం మోకాళ్ళ మీద వంగి వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. చిన్నమేస్త్రి మాత్రం వాటిని చూడలేదు. ఆమెనే చూశాడు.

"కుదుపు తగిలితే రాలిపోతాయి," అన్నాడు పెద్దమేస్త్రి. అప్పటికే ఆయన నాలుగు పిడుల చెక్క చట్రం ఒకటి చేసి ఉంచాడు. తండ్రి ముందు, కొడుకు వెనక పట్టుకుని, మొద్దును పల్లకీలా మోసుకుంటూ వీధిన నడిచారు. సన్నగా తుంపర పడుతోంది. ఆమె తన గొడుగును మొద్దుకు పట్టింది. మనుషులు తడిస్తే ఆరతారు. అమ్మ ముందు నడుస్తూ, "జరగండి, జరగండి," అని దారి ఇప్పించింది.

* * *

అద్దాల గదిలో చిన్నమేస్త్రి చేసిన అరల నిండా తుమ్మి, ఉత్తరేణి, నేల ఉసిరి పచ్చగా నిలబడి ఉన్నాయి. గుమ్మం పక్కన, నల్లగీతల బల్ల మీద మొద్దు ఉంది.

వార్షికోత్సవం రోజు తోటను నడిపే కమిటీ వాళ్ళు వచ్చారు. వాళ్ళ ముందు నడిచేది ఒక పెద్దావిడ. ఎక్కడా నిమిషం మించి ఆగదని ఆవిడకు పేరు. డైరెక్టర్ గారు తలుపు దగ్గరే నిలబడి, ఆర్కిడ్ల వైపు దారి చూపించడానికి చేయి ఎత్తారు.

ఆవిడ ఆగింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుంది. "ఇది నిజమైనదేనా?"

"నూటికి నూరుపాళ్ళు!" పుట్టగొడుగుల మేడం నోరు తెరిచేలోపే పెద్దమేస్త్రి ముందుకొచ్చేశాడు. "మన నాటు మామిడి మొద్దమ్మా. మీరు చూసేది కాయ మాత్రమే. అసలుది లోపల పోగులు పోగులుగా ఉంటుంది. ఈ నల్లగీత ఉంది చూశారా? గీత కాదు, గోడ. పాలివాళ్ళ తగాదా. గోడకి అవతల బూడిద రంగువాళ్ళు, ఇవతల మనవాళ్ళు. ఎప్పుడూ తడిలో పెడితే రాదు. ఆరాలి, తడవాలి." వెనక వచ్చిన జనం కూడా గుమిగూడారు. గుమ్మం నిండిపోయింది. ఆర్కిడ్ల దగ్గర కాపలావాడు ఒక్కడే మిగిలాడు, కాసేపటికి అతనూ వచ్చేశాడు.

పెద్దావిడ పావుగంట విన్నది. తర్వాత డైరెక్టర్ గారి వైపు తిరిగి, "ఈ గది ఇంకెవరికో అనుకున్నట్టున్నారు. అవసరం లేదు. ఇది ఈ అమ్మాయికే," అంది. పుట్టగొడుగుల మేడం బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. 

"చాలా సంతోషమండీ," అన్నారు డైరెక్టర్ గారు నుదురు తుడుచుకుంటూ. పంచె నిండా మట్టి, మీసం నిండా పొట్టు ఉన్న ఆ మనిషిని అయోమయంగా చూశారు. "కానీ ఇంత బాగా చెబుతున్న ఈయన ఎవరు? మన స్టాఫ్ కాదే?"

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె తల ఎత్తి, గది మొత్తం వినపడేలా చెప్పింది.

"మా మామగారు."

వెనక అరకు చివరి మర బిగిస్తున్న చిన్నమేస్త్రి చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. పెద్దమేస్త్రి నోరు ఆగిపోయింది. నలభై ఏళ్ళలో అది ఆగడం అదే మొదటిసారి. ఆయన మెల్లగా కొడుకు దగ్గరికి జరిగి, చెవిలో అడిగాడు.

"ఏరా, నాకు ఒక్క మాటైనా చెప్పలేదేం?"

"నాకూ ఇప్పుడే తెలిసింది నాన్నా."

"అత్తయ్య గారికి పదిహేను రోజుల క్రితమే చెప్పాను," అంది ఆమె దగ్గరికి వచ్చి, బుగ్గలు ఎర్రబడుతున్నా గొంతు తడబడనివ్వకుండా. "మా ఇంట్లో అమ్మానాన్నలకి పోయినవారం చెప్పాను. మిగిలింది మీ ఇద్దరే. మీరు నోరు తెరుస్తారేమోనని చూసి చూసి, ఇంక నావల్ల కాలేదు."

అమ్మ గుమ్మం దగ్గర నిలబడి, తనకేమీ తెలియనట్టు ఉత్తరేణి మొక్కను శ్రద్ధగా చూస్తోంది.

చిన్నమేస్త్రి చెమట పట్టిన చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. "నాకు మీరంటే చాలా ఇష్టం మేడం," అన్నాడు. నలభై రోజులుగా నాలుక చివర వేలాడిన మాట బయటికి వచ్చేసరికి ఎంత తేలిగ్గా ఉందో అతనికే ఆశ్చర్యం వేసింది. "మీరు మొద్దు మీదెక్కి కూర్చున్న రోజు నుంచీ."

"మేడం అని పిలిస్తే ఒప్పుకోను."

"మరేమని పిలవాలి?"

"తీరిగ్గా ఆలోచించుకోండి. టైం బోలెడుంది."

ఈలోపు ఇంకో గుంపు గుమ్మంలోకి వచ్చింది. ఎవరో ఒకాయన వేలు చాపి, "ఏంటిది? భలే ఉందే! ఎవరు తెచ్చారు?" అన్నాడు.

పెద్దమేస్త్రి మీసంలోని పొట్టు దులుపుకున్నాడు. పంచె సర్దుకుని, జనాన్ని తప్పించుకుంటూ బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"రండి, దగ్గరికొచ్చి చూడండి. చేత్తో మాత్రం తాకకండి," అన్నాడు. "దీన్ని కనిపెట్టింది మా కోడలు."